పూస చెప్పిన మర్యాద

నమోదు 1

మనసులో ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. అతిథి ఊళ్ళో ఉన్నన్ని రోజులూ ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు రోజూ కాసేపు ఇలా రాసి పంపాలని మీ సంస్థ షరతు. చదివాక మీ మనసు నొచ్చుకుంటే నన్ననకండి, అడిగింది మీరు.

నా పేరు కెచ్చెల వీరమణి. ఊరు చీకటిమడుగు. ఊరి పూజారి పండురెడ్డి మా అయ్య. కింద మైదానంలో మీ చలువ మేడల్లో వానను గోడ మీద బొమ్మగా చూస్తారట. నిజం వాన కురిసే అడవులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. వాటిలో మాదొకటి. అందుకే మీ మనుషులు ఏళ్ళ తరబడి అనుమతి కోసం కాచుకుని మరీ మా ఊరు చూడ్డానికి వస్తారు. ఇంతకు ముందు చలికాలంలోనే పంపేవారు. ఈసారి మామిడి పళ్ళ రోజుల్లో పంపారు. ఎవరినడిగి పంపారు?

ఈ పూట వచ్చినాయన పేరు సుధన్వ. యాభై దాటిన మనిషి, ముఖం మెత్తన. గాలిబండి వాగు అవతల బండ మీద దించి వెళ్ళిపోయింది. ఆయన వాగు దాటి ఇవతలికి రాగానే బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఏసుకోండి బాబూ, జలగలున్నాయి" అన్నాను.

"ఇది మీకు పవిత్రమైన నేల కదమ్మా" అన్నాడు గుసగుసగా.

నా కాళ్ళకు చెప్పులున్నాయి. మా వదిన జోగమ్మ కాళ్ళకున్నాయి. ఊళ్ళో దూడలకు తప్ప అందరికీ ఉన్నాయి. ఆయన అవి చూశాడు. చూసి కూడా వట్టికాళ్ళతోనే నడిచాడు. ఇల్లు చేరేసరికి పిక్కల నిండా జలగలు. వదిన ఉప్పు రాసి ఊడదీస్తుంటే ఒక్కొక్కదానికీ చేతులు జోడించాడు. వదినకు జోడించాడో జలగకు జోడించాడో తెలియలేదు.

అదంతా ఆయన తెలివి కాదు, చెవిలో ఉన్న మీ పూసది. శనగగింజంత ఉంటుంది. ఊళ్ళోకి వచ్చిన వాడు ఎక్కడ కూర్చోవాలి, ఏం మాట్లాడాలి, ఏం ముట్టుకోకూడదు అన్నీ అదే చెబుతుంది. చెప్పినట్టు వినకపోతే మర్యాద గుర్తులు తగ్గుతాయి. గుర్తులు తగ్గినవాడిని మళ్ళీ మేడ దాటనివ్వరు. ఒకప్పుడు మీవాళ్ళు ఇక్కడికొచ్చి చేసిన ఆగడాలకు ఇది విరుగుడని మీరే చెప్పారు. ఆ రోజుల్లో నేను లేను. ఈ రోజుల్లో ఉన్నాను, అదే నా ఖర్మ.

"ఈ అరుగు మీద కూర్చోవచ్చా?" అని మా అయ్యనడిగాడు. కూర్చోమన్నాడు అయ్య. కాసేపాగి, "ఈ అరుగుకు అభ్యంతరం లేదు కదా?" అని మళ్ళీ అడిగాడు.

మా అయ్య నా వంక చూశాడు. "ఏటంటన్నాడే ఈయన?"

"అరుగుని అడగమంటన్నాడు."

"అడుగు మరి" అన్నాడు అయ్య, నవ్వు ఆపుకుంటూ.

నాకు నవ్వు రాలేదు.

నమోదు 2

పొద్దున్నించీ పళ్ళు రాలుతున్నాయి. ఊరి వెనక మామిడి తోపులో టపటపమని ఒకటే చప్పుడు. పిల్లలు తోపు అంచున గొంతుక్కూర్చుని చూస్తున్నారు. ఒక్కడూ చెయ్యి వెయ్యడు. కొత్త అయ్యేదాకా మాలో ఎవరూ మామిడిపండు నోట పెట్టరు.

కొత్త సంగతి మీ దస్త్రాల్లో ఉందని తెలుసు. అయినా చెబుతాను, నా నోటితో చెబితే వేరు. మొదటి పళ్ళు కోసి పూజారి కొండదేవతకు చూపిస్తాడు. ముక్కలు చేసి పొయ్యి పొయ్యికీ పంచుతారు. అందరి చేతుల్లోకీ ముక్క వచ్చాక పూజారి "తిన్నారా?" అని కేకేసి మూడుసార్లు అడుగుతాడు. ఊళ్ళో ఉన్న ప్రతి మనిషీ తిని "తిన్నాం" అనాలి. ముసలీ ముతకా, పాలు తాగే బిడ్డ పెదవికి తడి అయినా తగలాలి. ఒక రాత్రి మా కప్పు కింద పడుకున్న చుట్టం కూడా మా పొయ్యి మనిషే. ఒక్కరు తినకపోయినా కొత్త అవదు. కొత్త అవకపోతే పండు ముట్టకూడదు.

పండు తినకపోతే ఏం పోయింది అంటారేమో. మాకు పండు కన్నా టెంక ముఖ్యం. టెంకలు పగలగొట్టి, లోపలి జీడి తీసి, వాగులో నానేస్తే చేదు పోతుంది. ఎండబెట్టి దంచితే పిండి. వానాకాలమంతా ఆ పిండి జావే మా కడుపులు నింపేది. ఒకప్పుడు బియ్యం డిపో ఉండేది, టెంకలు తక్కువైనా గడిచేది. మీ సంస్థ వచ్చి, బయటి తిండి వల్ల మా ఆహారపు అలవాట్లు చెడిపోతున్నాయని పైవాళ్ళకు రాసి డిపో ఎత్తించింది. మా తిండిని గౌరవించడానికి మా తిండి తీసేశారన్నమాట.

వానలు దగ్గరపడ్డాయి. నేల తడిస్తే రాలిన పండు టెంకతో సహా పురుగు పడుతుంది. అందుకే రేపే కొత్త అని అయ్య చాటించాడు.

ఈ ఏడు అడిగేది అయ్యే. వచ్చే ఏటి నుంచి నేనడగాలి. ఆడది కొత్త అడగడం మా ఊళ్ళో ఇంతవరకూ లేదు. అయ్య గొంతు పోతోంది, మా అన్న సోమిరెడ్డి గొంతెత్తితే కోళ్ళు బెదురుతాయి. పెద్దలంతా కూర్చుని నాకిద్దామన్నారు. రెండేళ్ళుగా అయ్య దగ్గర ఆ పిలుపు నేర్చుకుంటున్నాను. నేనింతవరకూ దేనికోసమూ ఇంత ఆశపడలేదు.

సుధన్వగారు సాయంత్రమంతా తోపు దగ్గర పిల్లల పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఎంత నిగ్రహం!" అన్నాడు నాతో, కళ్ళు చెమర్చి. ఆ నిగ్రహానికి రేపటితో తెర పడుతుందనుకుని నేను ఊరుకున్నాను.

నమోదు 3

తినలేదు.

అయ్య మొదటిసారి అడిగాడు. అందరూ అన్నారు. రెండోసారి అడిగాడు. అందరూ అన్నారు. మూడోసారికి మా పొయ్యి దగ్గర ఒక గొంతు కలవడం లేదని తెలిసింది. చూస్తే సుధన్వగారు ముక్కను టేకాకులోనే ఉంచి, రెండు చేతులా పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"తినండి బాబూ" అంది వదిన.

"నాకు అర్హత లేదమ్మా. ఇది మీది. మీ ఆచారంలోకి బయటివాణ్ణి నేను చొరబడకూడదు."

"సొరబడ్డం ఏటండీ, నోట్లో పెట్టుకోడమే కదా!"

"మన్నించండి. గౌరవం కొద్దీ వద్దంటున్నాను."

ఊరంతా ఆ ఒక్క నోటి వంక చూస్తోంది. మా అయ్య ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. ముసలాయన అలసిపోయి ఉన్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. "బాబూ, మా ఇంట్లో తొంగున్నావు. నువ్వు తినాపోతే ఊరు తినాకి లేదు. ఒక్క ముక్క" అన్నాడు.

ఆయన చెవి దగ్గర పూస ఎర్రగా వెలిగింది. ఆయన వంగి మా అయ్య పాదాల దగ్గర ఆకు పెట్టి, వెనక్కి నడిచాడు. అదీ పూస చెప్పిన మర్యాదే, వీపు చూపించకూడదట.

పిల్లలు చేతుల్లో సగం తిన్న ముక్క పట్టుకుని ఏడుపు మొహాలు పెట్టారు. పెద్దవాళ్ళం తిన్న ముక్క కూడా లెక్కలోకి రాదు. కొత్త మొదలై మధ్యలో వేలాడుతోంది. ఈయన తినేదాకా అది అలాగే వేలాడుతుంది. తినకుండా వాగు దాటిపోతే ఈ ఏడు కొత్త లేనట్టే. నా ఒళ్ళు మండిపోతోంది. ఇంతకన్నా రాయలేను.

నమోదు 4

ఈరోజు పూసతోనే తేల్చుకుందామని కూర్చున్నాను. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, దాన్ని పైకి మాట్లాడించమన్నాను.

"అతిథి కొత్త తినాల్సిందే. ఇది మా పద్ధతి. నేను చెబుతున్నా, పూజారి చెబుతున్నాడు, ఊరు ఊరంతా చెబుతోంది. రాసుకో" అన్నాను.

పూస గొంతు తేనె పూసినట్టుంది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. చీకటిమడుగు మూల ఆచారం ప్రకారం బయటివారికి కొత్త పెట్టరు. ఇందుకు గ్రామ పూజారి కెచ్చెల గురవారెడ్డి సాక్ష్యం ఉంది."

గురవారెడ్డి మా తాత. తాత గొంతు వినిపించింది పూస. నేను పుట్టకముందే పోయిన మనిషి గొంతు. కోపంతో వణుకుతోంది. "మీ బయటోళ్ళకి కొత్త పెట్టం. పెట్టం గాక పెట్టం. పొండి!"

మా అయ్య గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. అప్పటి సంగతి చెప్పాడు. "ఆ యేడు ఎవడో సదూకున్నోడు వచ్చేడే. నెల్లాళ్ళు మా ఇంటే తిని, ఎల్లేముందు ఊరికి సెప్పకుండా తోపులో కొమ్మలు కోసేడు, అంటుకట్టుకుంటాకి. కోపం వచ్చి అన్నాడు మీ తాత. ఆ కోపం మర్నాటికి లేదు. మరుసటేడు ఉప్పమ్ముకునే ముసలోడు కొత్త రోజున ఊళ్ళో ఉండిపోతే, తన సేత్తోనే ముక్క పెట్టేడు. నేను సూశాను."

"విన్నావా?" అన్నాను పూసతో. "అది ఒక్క మనిషి మీద ఒక్క పూట కోపం. అది ఆచారం కాదు."

"ఉప్పు వ్యాపారికి సంబంధించిన ఆధారం మా వద్ద లేదు. ప్రస్తుత అభిప్రాయాలు ఒత్తిడి వల్ల మారి ఉండవచ్చు. తాజా అనుమతులు పరిశీలనకు పంపబడతాయి. ఫలితం వచ్చే సంవత్సరం తెలుస్తుంది."

"మరి ఇప్పుడు నేనే వద్దన్నాననుకో, ఫలానా రాయి మీద అతిథులు కూర్చోకూడదన్నాను. అదీ వచ్చే సంవత్సరమేనా?"

"నిషేధాలు తక్షణమే అమలవుతాయి. ఏ రాయి?"

వద్దన్న మాట వెంటనే ఎక్కుతుంది, రమ్మన్న మాట విచారణకు పోతుంది. ఇంత తెలివిమాలిన దాన్ని తయారు చేసింది బాగా చదువుకున్నవాళ్ళే అయ్యుంటారు.

మా అన్న ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నాడు. అరుగు మీదికొచ్చి సుధన్వగారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో కొత్తకు కోసిన పండుంది.

"ఈయన్ని పట్టుకోండెహె! నోట్లో కుక్కేత్తాను, అయిపోద్ది!"

"ఒరే సోమీ!" అయ్య అరిచాడు. "కుక్కితే అది పెట్టినట్టా? దూడకి మందు పోసినట్టు. అది కొత్త కాదు. లే!"

అన్న లేచాడు. పండు గోడకేసి కొట్టబోయి, పండు కదా అని ఆగి, అయ్య చేతిలో పెట్టి వీధిలోకి పోయాడు. సుధన్వగారు ముడుచుకుపోయి కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే చెడ్డమనిషి కాదు. "నేను తింటే నా గుర్తులన్నీ పోతాయి వీరమణిగారూ. ఈ పచ్చదనం మళ్ళీ చూడలేను. మీకు అర్థమవుతుందనుకుంటాను" అన్నాడు.

అర్థమైంది. ఆయన మా ఊరి మీద ప్రేమతోనే మా ఊరిని పస్తు పెడుతున్నాడు.

నమోదు 5

మధ్యాహ్నం కొండ మీద ఉరిమింది. తోపులో అడుగు పెడితే పండు పులిసిన కంపు. ఈగలు. అడవిపందులకు మాత్రం కొత్తా పాతా లేదు, అవి పండగ చేసుకుంటున్నాయి. వదిన కర్ర పట్టుకుని పొద్దంతా వాటిని తోలుతూనే ఉంది. మా చేతుల్తో ఏరకూడదు, వాటిని మాత్రం తోలాలి. అదీ మా బతుకు.

అయ్యనడిగాను, దారేమీ లేదా అని. చెప్పడానికి ఇష్టపడలేదు. నేను వదల్లేదు.

"ఉంది" అన్నాడు చివరికి. "మనోళ్ళలో ఎవరైనా తప్పు తింటే, వేలాడే కొత్త సెరిగిపోద్ది. మళ్ళీ మొదట్నించీ అడగొచ్చు. అప్పుటికి ఊళ్ళో ఎవరుంటే వాళ్ళకే."

తప్పు తినడమంటే కొత్త కాకుండా తెలిసి తెలిసి పండు తినడం. తిన్నవాళ్ళు వాగు దాటి అవతల ఉండాలి. వచ్చే ఏడు కొత్త దాకా ఊళ్ళో అడుగు పెట్టకూడదు, పండు నోట పెట్టకూడదు. తిండి బండ మీద పెట్టి వెళతారు, మాట్లాడరు. తిరిగొచ్చాక అందరితో సమానమే, ఒక్కటి తప్ప. తప్పు తిన్న నోరు కొత్త అడగడానికి పనికిరాదు. ఎప్పటికీ.

"మరి అతిథి?" అన్నాను.

"రేపు ఆ గాలిబండి వత్తాది కదా. ఆయన వాగు దాటేక తినాలి. ముందు తింటే మళ్ళీ ఆయన లెక్కలోకొత్తాడు. మళ్ళీ ఇదే రామాయణం."

"ఎవరు తింటారయ్యా?"

ఆయన నా మొహం చూశాడు. చూసి, "నువ్వు మాత్రం కాదే" అన్నాడు. అంటూనే తల తిప్పుకున్నాడు.

ఇంకెవరు తింటారు? వదినకు చంకలో బిడ్డ. అన్న పోతే పోడు చేసేవాడు లేడు. మిగతా ఇళ్ళవాళ్ళను తినమని అడగడానికి నాకు నోరెలా వస్తుంది? ఈ గొడవ వచ్చింది మా పొయ్యి దగ్గర.

ఇదంతా మీ సంస్థకు తెలియాలనే రాస్తున్నాను. నాకు త్యాగం చేస్తున్నట్టు లేదు. దోచుకున్నట్టుంది. మీరు నా గొంతు దోచుకున్నారు.

నమోదు 6

ఇది వాగు అవతలి నుంచి రాస్తున్నాను.

పొద్దున్న సుధన్వగారు అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. వెనక్కి నడుస్తూ, రెండుసార్లు తూలి, వాగు దాటాడు. ఆయన కాలు అవతలి గట్టు ఎక్కగానే నేను తోపులోకి వెళ్ళి పండు తీసుకుని, అందరూ చూస్తుండగా కొరికాను. తియ్యగానే ఉండి ఉంటుంది. నాకు రుచి తెలియలేదు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్య నన్ను చూడలేదు, చూడకూడదు కూడా. మూటా కత్తీ తీసుకుని వాగులో దిగాను. అన్న పోడు గుడిసె ఈ గట్టునే, ఒక మామిడిచెట్టు కింద ఉంది, అందులో ఉంటాను.

ఇవతల బండ మీద సుధన్వగారు గాలిబండి కోసం చూస్తున్నాడు. మబ్బుల వల్ల ఆలస్యమట. నన్ను చూసి లేచాడు.

"పూస చెప్పింది. మీరు మీ ఆచారాన్ని ఉల్లంఘించారట, నమోదైందట" అన్నాడు, చాలా నొచ్చుకుంటూ. "అయినా మీ నిర్ణయాన్ని నేను గౌరవిస్తున్నాను."

చేతిలో కత్తి ఉంది. దాన్ని నేల మీద పెట్టి దూరంగా కూర్చున్నాను. ముందుజాగ్రత్త.

అప్పుడు వినిపించింది. వాగు చప్పుడు మీదుగా అయ్య గొంతు, బొంగురుగా. "తిన్నారా?" ఊరంతా, "తిన్నాం!" రెండోసారి. మూడోసారి అడగడానికి ఆయనకు ఊపిరి చాల్లేదు, మధ్యలో తెగింది. నా గొంతులో ఆ మిగతా సగం దానంతటదే కదిలింది. పళ్ళు బిగబట్టుకున్నాను. కాసేపటికి ఆయనే పూర్తి చేశాడు. "తిన్నాం!" అన్న కేక తరవాత పిల్లలు ఒక్కసారిగా తోపులోకి పరిగెత్తిన గోల. నేను ఏడ్చాను. సంతోషం కొంచెం, మిగతాదంతా కోపం.

సుధన్వగారు కాసేపు మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. తరవాత మెల్లగా దగ్గరికొచ్చాడు.

"వీరమణిగారూ, ఈ గట్టు ఊరి హద్దులోకి రాదట. ఇక్కడ మామిడిపండు వట్టి పండేనట, తినవచ్చట. కానీ చెట్టును నేను ముట్టుకోకూడదు. మీరొకటి కోసిస్తారా?"

ఆయన ముఖంలో కల్లాకపటం లేదు, అదే నన్ను ఇంకా మండించింది. "పెట్టను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే చూశాను, ఆయన చెవిలో పూస పచ్చగా వెలిగి ఉంది. వింటోంది. నేను పెట్టనంటే అది తక్షణమే అమలవుతుంది. ఈ గట్టున కూడా, వదిన చంకలో బిడ్డ ముసలిదయ్యేదాకా, వచ్చినవాడెవడికీ పండు పెట్టరని రాసుకుంటుంది. మా తాతకు ఒక్క పూట కోపం తెచ్చుకునే స్వేచ్ఛ ఉండేది. నాకు అది కూడా లేకుండా చేశారు.

లేచాను. గుడిసెలో ఉన్న పళ్ళు కోసే గుసిగర్రతో ఒక పండు దింపి, తుడిచి, ఆయన చేతిలో పెట్టాను. తొక్క తీయకుండానే కొరికాడు. రసం గడ్డం మీదుగా మోచేతి దాకా కారింది. పసిపిల్లాడిలా టెంక చీకాడు. నేను ఆ పండు మళ్ళీ వచ్చే ఏడు దాకా నోట పెట్టకూడదు, కాబట్టి చూస్తూ నిలబడ్డాను.

"అబ్బ! ఇంత బాగుంటుందని ముందే తెలిస్తే..." అని ఆగిపోయాడు.

"తెలిస్తే?" అన్నాను.

ఆయన చెయ్యి చెవి దగ్గరకు వెళ్ళింది. పూస ఏదో చెబుతుందని ఎదురు చూశాడు. అదేమీ చెప్పలేదు.

"పూసని కాదు బాబూ, మిమ్మల్నే అడుగుతున్నా. తెలిస్తే ఏం చేసేవోరు?"

గాలిబండి వచ్చి బండ మీద దిగింది. ఆయన టెంక చేత్తో పట్టుకుని, వెనక్కి నడుస్తూ వెళ్ళి ఎక్కాడు. బండి పైకి లేచేదాకా నా వంకే చూస్తూ ఉన్నాడు.